నాలుగో గాదె

చప్పుడు తగ్గితే మెలకువ వచ్చింది.
సెప్టెంబరు నుంచి రాత్రంతా హోరు,
పక్క గదిలో ఎవరో ఆపకుండా
"ఊఁ" కొడుతున్నట్టు.
అందులో సగం లేదిప్పుడు.

హ్నాత్ అప్పటికే లేచి కూర్చున్నాడు.
"రెండా, నాలుగా?"
"నాలుగు."
ఏ ఇనప గాదె నోరు మూసుకుందో
నా చెవికి తెలుస్తుంది,
చంటిబిడ్డ తల్లికి తెలిసినట్టు కాదు,
అప్పున్నవాడికి తెలిసినట్టు.

నాలుగులో ఉన్నది కనోలా.
మంచు ముందే పడుతుందని రేడియో భయపెడితే
తడి ఆరకముందే కోసి పోసింది.
ఆవాలకి చెల్లెలు. నల్లన, నున్నన,
గుప్పిట పడితే వేళ్ళ సందుల్లోంచి
నీళ్ళలా జారిపోతుంది.
కోశాక చచ్చిందనుకుంటారు, చూడని వాళ్ళు.
చావదు.
చీకట్లో ఒకరి మీద ఒకరు ఒరిగి
వంద టన్నుల జనం
ఊపిరి పీలుస్తూ వదుల్తూ ఉంటారు.
వదిలిన ఊపిరి పైకి పోయే దారి లేక
చెమటవుతుంది. వేడెక్కుతుంది. ముక్కుతుంది.
ఆ తర్వాతి మాట
మా ఇంట్లో ఎవరం పైకి అనం.

కోటు మీద కోటు తొడుక్కుని బయటికొచ్చాం.
సస్కచెవాన్ అక్టోబరు.
బూటు కింద గడ్డి అప్పడంలా విరుగుతోంది.

నిచ్చెన పక్క కొక్కేనికి
మామగారి ఇనప కడ్డీ.
ప్రొకిప్ పోయి ఆరేళ్ళు.
ఫాను కొన్న రోజున ఆయనన్నది:
"గాలి దేవుడు ఊరికే ఇస్తాడు,
దానికి కరెంటు బిల్లు కడతారా!"
ఆయన కాలంలో చలికాలమంతా
పార పట్టుకుని గోధుమల్ని
ఈ మూల నుంచి ఆ మూలకి తిరగబోసేవారట.
అదీ గాలే.
అప్పుడు ఫాను పేరు ప్రొకిప్.

హ్నాత్ పైకెక్కి
కడ్డీని గింజల్లోకి దించాడు.
నూరు లెక్కపెట్టి లాగి
బుగ్గకి ఆనించుకున్నాడు.
"గోరువెచ్చన," అన్నాడు.
కిందికి దింపితే నేనూ ఆనించుకున్నాను.
నాకు జ్వరంలా తగిలింది.
వాదించుకునే వేళ కాదు.

ఫాను జాలీ విప్పితే ఎలుక గూడు.
నా పాత కండువా ఊలు, బార్లీ ఊక,
కొరికేసిన తీగ మీది ప్లాస్టిక్కు,
మధ్యలో ఐదు గులాబీ పిల్లలు,
ఒక్కొక్కటీ చిటికెన వేలి కణుపంత.
తల్లి లేదు.
మోటారు వెచ్చదనానికి వచ్చి ఉంటుంది,
ఎవరు రారు?

హ్నాత్ నావైపు చూశాడు.
నేను గాదె వైపు చూశాను.
గూడు ఎత్తి నా టోపీలో పెట్టి
టోపీని ట్రాక్టరు సీటు కింద పెట్టాను.
మాకో పిల్లి ఉంది.
అది రాత్రి ఎక్కడ పడుకుంటుందో కూడా నాకు తెలుసు.

టార్చి పళ్ళమధ్య పట్టుకుని
తీగ అతికాడు.
స్విచ్చి.
మొదట ఒక దగ్గు. రేకులు వణికాయి.
కాసేపు ఏమీ లేదు,
ఆపైన హోరు.

ఈసారి నేనెక్కి
మూత ఎత్తి మొహం పెట్టాను.
కింద నుంచి గింజ గింజనీ తడుముకుంటూ
ఎంతో దూరం నడిచొచ్చిన గాలి,
తడిగా, ఉడికిన క్యాబేజీ వాసనతో
నా మొహం మీద నిట్టూర్చింది.
కళ్ళజోడు మసకేసింది.
అంతసేపూ నెత్తిన ఉన్న చుక్కలు
ఒక్కసారిగా పోయాయి.

"ఏమంటోంది?" కింద నుంచి హ్నాత్.
ఏమంటుంది,
పచ్చిగానే ఉంది, బతికే ఉంది,
ధర పలికేదాకా అలాగే ఉంచాలి.
"ఆపకు," అన్నాను.

వచ్చి పడుకున్నాం. కాళ్ళింకా వేడెక్కలేదు,
గాదెల వైపు గదిలోంచి
నిన్న రెజైనా నుంచి దిగిన ఆడపడుచు లరీసా
గోడ మీద కొట్టింది:
"అబ్బా, మళ్ళీ పెంచారా ఆ చప్పుడు?
ఇప్పుడే కదా కన్నంటుకుంది!"

హ్నాత్ జవాబు చెప్పలేదు.
గురక పెడుతున్నాడు,
నాలుగో గాదెతో శ్రుతి కలిపి.